చూడలేదా, చూసుకోలేదా: విశాఖలో ఒక ప్రమాద పరిహార న్యాయవాది సేవపై సమీక్ష

గత ఏడాది జనవరిలో ఒక ఆదివారం ఉదయం 6 గంటల 10 నిమిషాల ప్రాంతంలో, జోడుగుళ్లపాలెం దాటి సాగర్‌నగర్ వైపు బీచ్ రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్నాను. వెనుక నుంచి వచ్చిన ఒక కారు నన్ను దాటీ దాటకముందే ఎడమ వైపు కాలనీ రోడ్డులోకి తిరుగుతూ పడగొట్టింది. ఎడమ కాలర్‌బోన్ విరిగింది, ప్లేటు వేశారు, మూడు నెలలు ఉద్యోగానికి వెళ్లలేకపోయాను. ఆ తరువాత పధ్నాలుగు నెలల పాటు నా పరిహారం కేసు చూసిన న్యాయవాది కార్యాలయం గురించి ఈ సమీక్ష. ఆ కార్యాలయం జిల్లా కోర్టుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. అంతకు మించి ఆనవాళ్లు రాయను. న్యాయవాదులు ప్రచారం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, కక్షిదారు మెచ్చుకుంటూ రాసినది కూడా ఆ లెక్కలోకే వస్తుందని ఎవరైనా అంటే ఆయనకు ఇబ్బంది. పైగా నేను మెచ్చుకోని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. పేరు కంటే, ఇలాంటి సేవకు మనం ఇచ్చే డబ్బు అసలు దేనికి ఇస్తున్నామో తెలియడం చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

ఆయన దగ్గరికి వెళ్లేముందే మరొక సేవ నా మంచం దగ్గరికి నడిచి వచ్చింది. ఆపరేషన్ అయిన మర్నాడు ఒక వ్యక్తి, ఎవరు పంపారో చెప్పకుండానే, చేతిలో ఫైలుతో గదిలోకి వచ్చి వకాలత్ మీద, అంటే కేసును న్యాయవాదికి అప్పగించే పత్రం మీద, సంతకం పెట్టమన్నాడు. అందులో నా పేరు తప్ప మిగతా గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. ముందుగా పైసా ఇవ్వక్కరలేదని, వచ్చినదాంట్లో పాతిక శాతం ఇస్తే చాలని అన్నాడు. మంచం మీద ఉన్నవాడికి ఇది దయలాగే వినిపిస్తుంది. కానీ కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, రాబోయే సొమ్ములో వాటా తీసుకోవడం న్యాయవాదికి బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. నా భార్య "ఆయన లేచి కూర్చున్నాక చూద్దామండి" అని పంపేయడం వల్ల బతికిపోయాను.

ఈ సమీక్షలోని న్యాయవాది మొదటి సంప్రదింపుకు 1,000 రూపాయలు తీసుకున్నారు. కేసు మొత్తానికి 30,000 రూపాయలు, మూడు విడతలుగా, ప్రతి విడతకూ రసీదు. శాతాల మాట ఎత్తలేదు. ఆయన నా జీతం ఎంతో, ఎముక ఎన్నిచోట్ల విరిగిందో ముందుగా అడగకపోవడం నాకు వింతగా అనిపించింది. మొదట అడిగింది ఎఫ్ఐఆర్ నకలు. రెండవ ప్రశ్న, "సైకిలు బాగు చేయించారా?" లేదన్నాను. "చేయించకండి. కడగకండి కూడా. గోనె సంచి చుట్టి పక్కన పెట్టండి."

ఎఫ్ఐఆర్‌ను రెండుసార్లు చదివి, ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నం, నొప్పి మందుల మత్తులో ఉండగా నా వాంగ్మూలం తీసుకున్నారు. నేను అన్న మాట నాకు బాగా గుర్తుంది: "కారు రావడం నేను చూడలేదు." కాగితం మీద ఉన్నది మాత్రం ఇది: "నేను చూసుకోకుండా వెళ్తుండగా కారు, నా సైకిలు ఢీకొన్నవి." రాసినవారికి దురుద్దేశం ఉందని నేను అనుకోను. ఇంట్లో, బజారులో ఈ రెండు మాటలనూ మనం కలిపేసే మాట్లాడుకుంటాం. కానీ 'చూడలేదు' అంటే వెనుక నుంచి వచ్చేది కంటబడే అవకాశం లేదని. 'చూసుకోలేదు' అంటే చూసుకోవలసిన బాధ్యత ఉండీ పట్టించుకోలేదని. ఒక్క 'కొను' చేరగానే తప్పు కారు మీద నుంచి దిగి సైకిలెక్కింది. ఇక 'ఢీకొన్నవి' అన్న క్రియలో ఎవరు ఎవరిని ఢీకొన్నారన్నది అసలే లేదు. "వెనుక నుంచి వచ్చే బండిని మీరు ఎలా చూసుకుంటారు సార్? బీమా కంపెనీ లాయరుగారు ఈ వాక్యాన్నే పట్టుకుంటారు" అని చెప్పి, మరునాడే నాతో అదనపు వాంగ్మూలం ఇప్పించారు. నెలలు గడిచాక ఇచ్చే సవరణకు విలువ తగ్గుతుందని, ఎవరో నేర్పించి చెప్పించినట్టు కనబడుతుందని ఆయన తొందరపెట్టారు. నా లెక్కన ఆ 30,000 రూపాయల్లో సగం ఈ ఒక్క పనికే చెల్లు.

ఇంత పట్టింపు ఎందుకన్నది చట్టం ఎలా పనిచేస్తుందో తెలిస్తే గాని అర్థం కాదు. సైకిలుకు లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా అక్కరలేదు. మోటారు వాహనాల చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే కాదు. కారు వల్ల గాయపడిన సైకిలిస్టు మాత్రం 1988 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 166 కింద మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ కారు నడిపినవారి నిర్లక్ష్యాన్ని బాధితుడే చూపించాలి. క్రిమినల్ కోర్టులో లాగా అనుమానానికి తావు లేనంతగా నిరూపించనక్కరలేదు. ఎవరి కథ జరిగి ఉండే అవకాశం ఎక్కువ అన్నదే కొలమానమని సుప్రీంకోర్టు బిమలా దేవి కేసులో 2009లోనే స్పష్టం చేసింది. ఆ తరువాత బాధితుడి వంతు తప్పు ఎంతన్న ప్రశ్న వస్తుంది. కోర్టు భాషలో దాన్ని కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. నా వంతు 25 శాతం అని తేలితే నా పరిహారంలో 25 శాతం కోత పడుతుంది. కాబట్టి కారు, సైకిలు కేసులో 'తప్పు ఎవరిది' అన్నది అవునా కాదా అన్న ప్రశ్న కాదు, ఎంత అన్న ప్రశ్న.

ఈ విషయంలో మన చట్టం ఎక్కడ నిలబడిందో ఆయన రెండు మాటల్లో చెప్పారు. అమెరికాలో వర్జీనియా, మేరీలాండ్ వంటి కొన్ని చోట్ల బాధితుడి తప్పు కొద్దిగా ఉన్నా సరే, సాధారణంగా ఏమీ రాదు. నెదర్లాండ్స్‌లో దానికి పూర్తిగా తిరగబడిన లెక్క: కారు ఢీకొన్న సైకిలిస్టు వయసు 14 ఏళ్ల లోపు అయితే, కావాలని చేసినదో దానికి దగ్గరిదో అయితే తప్ప, నష్టమంతా కారు వైపువారే భరించాలి, పెద్దవారైతే, కారు నడిపినవారి చేతిలో ఏమీ లేదని రుజువైతే తప్ప, కనీసం సగం భరించాలి. మనది ఈ రెండింటి నడుమ, ఎవరి పాలు వారికి పంచే పద్ధతి. ఆ పంపకం ప్రమాదం జరిగిన చోట దొరికే గీతలు, మరకలు, కొలతల మీద ఆధారపడుతుంది. ఈ కార్యాలయం పనితనం నాకు కనబడింది అక్కడే.

ప్రమాదం జరిగిన పదకొండవ రోజున ఆయన, ఆయన జూనియరు, మా బావమరిది కలిసి ఆ మలుపు దగ్గరికి వెళ్లారు. నేను చెయ్యి మెడకు కట్టుకుని ఆటోలో కూర్చుని చూశాను. జూనియరు దగ్గర దర్జీల టేపు కాదు, తాపీ పనివారు వాడే ఇనప టేపు ఉంది. పోలీసులు గీసిన రఫ్ స్కెచ్‌లో నేను పడిన చోటు రోడ్డు మధ్యకు దగ్గరగా ఉన్నట్టు ఉంది. అసలు చోటున సిమెంటు అంచు మీద నా ఎడమ పెడలు గీరిన తెల్లటి గీత ఇంకా పోలేదు. ఆ గీత నుంచి తారు అంచుకు 38 సెంటీమీటర్లు. నేను రోడ్డు మధ్యన లేనని చెప్పడానికి అంతకంటే సాక్షి అక్కరలేదు. మలుపుకు ముందున్న టిఫిన్ బండి ఎదురు కొట్టుకు ఒక కెమెరా ఉంది. అందులో దృశ్యాలు పదిహేను రోజులకు చెరిగిపోతాయని తెలిసి, వాటిని భద్రపరచమని ఆ దుకాణదారుకూ పోలీసులకూ అదే రోజు రాతపూర్వకంగా లేఖలు ఇచ్చారు. దొరికిన దృశ్యంలో మలుపు కనబడదు. ముందు నా సైకిలు, రెండు సెకన్ల తరువాత నా పక్కగా ముందుకు పోతున్న కారు, అంతే. కానీ కారు వెనుక నుంచే వచ్చిందని, నేను ఎక్కడి నుంచో అడ్డంగా దూసుకురాలేదని అది చెబుతుంది. దానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఇవ్వవలసిన ధ్రువపత్రం మీద దుకాణదారు సంతకం తీసుకోవడం కూడా ఆయన మరచిపోలేదు.

కారు మీద గీతల సంగతి ఇంకా ముచ్చటైనది. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో 'ఎడమ వైపు ముందు డోరు, వెనుక డోరు మీద గీతలు, ఎడమ సైడ్ మిర్రర్ విరిగినది' అని ఒక్క ముక్కలో రాసి ఉంది. మా బావమరిది ప్రమాదం జరిగిన రోజే ఫోనులో తీసిన ఫొటోల్లో ఆ గీత ముందు డోరు చివర సన్నగా మొదలై, వెనుక డోరు మీద లోతుగా దిగింది. నా హ్యాండిల్ కుడి కొస నేల నుంచి 94 సెంటీమీటర్ల ఎత్తు. కారు అప్పటికే యజమానికి తిరిగి ఇచ్చేశారు కాబట్టి, జూనియరు తమ వీధిలో ఆగి ఉన్న అదే మోడల్ కారు దగ్గర వంగి, ఫొటోలో గీత ఉన్న చోటు ఎత్తు కొలిచాడు. కారు యజమాని వచ్చి ఏమిటని గదమాయిస్తే సంజాయిషీ చెప్పుకున్నాడు. ఎత్తు సరిపోయింది. నేను వెనుక నుంచి వెళ్లి గుద్ది ఉంటే దెబ్బ వెనుక బంపరు మీద ఉండాలి. నేను పక్క నుంచి అడ్డం వచ్చి ఉంటే కారు ముందు భాగం మీద ఉండాలి. పక్క డోర్ల మీద ముందు నుంచి వెనక్కి సాగిన గీత అంటే, కారు నన్ను దాటడం పూర్తి కాకముందే ఎడమకు తిరిగిందని అర్థం. ఇంత తేలికైన తర్కం పోలీసు కాగితాల్లో ఒక్క చోటా లేదు.

ఇక నా తప్పు. నా సైకిలుకు వెనుక ఎర్ర లైటు ఉంది, కానీ ఆ రోజు బ్యాటరీ అయిపోయి వెలగలేదు. జనవరిలో విశాఖలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. 6 గంటల 10 నిమిషాలకు మసక వెలుతురే. ఈ మాట చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగా ఆయనే అడిగారు. చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకోలేదు, దాచమనీ అనలేదు. "అడిగితే వెలగలేదనే చెప్పండి. మిమ్మల్ని గుద్దినది వెనుక నుంచి కాదు, పక్క నుంచి. మిమ్మల్ని చూసి, తప్పించుకుని దాటినవాడు లైటు లేక కనబడలేదని ఎలా అంటాడు?" అన్నారు. దీని వెనుక ఒక సూత్రం ఉంది. మోటారు సైకిలు మీద ముగ్గురు ఎక్కిన మహమ్మద్ సిద్దిఖీ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, బాధితుడు ఏదో నియమం ఉల్లంఘించాడన్నంత మాత్రాన కోత పెట్టడానికి వీల్లేదు. ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికీ, లేదా ఆ ఉల్లంఘనకూ గాయానికీ సంబంధం ఉందని చూపాలి. వెనుక లైటు లేని సైకిలును చీకట్లో వెనుక నుంచి గుద్దితే ఆ సంబంధం ఉన్నట్టే. నా విషయంలో లేదు. హెల్మెట్ గురించి నేనే అడిగితే, సెక్షన్ 129లోని హెల్మెట్ నియమం మోటారు సైకిళ్లకే గాని సైకిళ్లకు కాదని చెప్పి ఊరుకున్నారు.

ఆయన సైకిలిస్టుల పక్షపాతి అనుకుంటే పొరపాటు. నేను వేచి ఉన్న ఒక సాయంత్రం, హైవే మీద రాత్రి పూట రాంగ్ రూటులో, లైటు లేకుండా వచ్చి కారుకు ఎదురుగా తగిలిన ఒకరి బంధువులతో, ఇందులో మీ వంతు సగానికి తగ్గదని, అంతకంటే ఎక్కువ ఆశ పెట్టలేనని ముఖం మీదే చెప్పేశారు. వారు నొచ్చుకుని లేచిపోయారు. బయట బెంచీ మీద కూర్చున్న నాకు మాత్రం ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

అందరూ తప్పక తెలుసుకోవలసిన భాగం తప్పుతో పని లేని దారి. 2019 సవరణ తరువాత, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సెక్షన్ 164 ప్రకారం, కారు నడిపినవారి నిర్లక్ష్యం చూపకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు అడగవచ్చు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. అయితే ఆ సొమ్ము ఒప్పుకుని తీసుకుంటే సెక్షన్ 166 కింద వేసిన కేసు ముగిసిపోతుంది. ఏ దారి మంచిదన్నది ఆయన మాటలతో కాకుండా ఒక తెల్ల కాగితం మీద తేల్చారు. ఆసుపత్రి, మందులు 1,62,000. మూడు నెలల జీతం 42,000 చొప్పున 1,26,000. తోడు మనిషి, రాకపోకలు 30,000. నొప్పి, బాధల కింద 75,000. సైకిలు మరమ్మతు 11,500. తరువాత ప్లేటు తీయించడానికి 45,000. మొత్తం 4,49,500. నా వంతు తప్పు నాలుగో వంతు అని ట్రిబ్యునల్ అన్నా 3,37,125 వస్తుంది. సగం అంటే 2,24,750, అంటే ఏమీ వాదించకుండా వచ్చే 2.5 లక్షల కంటే తక్కువ. నా తప్పు 44 శాతం దాటుతుందనుకుంటే సెక్షన్ 164, దాటదనుకుంటే 166. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇన్నేళ్లుగా ఒక షిప్పింగ్ ఏజెన్సీలో జమాఖర్చులు రాస్తున్న నాకు కూడా ఆ లెక్క ముందుగా తట్టలేదు.

అదే కాగితం మీద అడగకూడనిది కూడా ఆయన కొట్టేశారు. డాక్టరు నా భుజానికి 6 శాతం వైకల్యం రాసిచ్చారు. దాన్ని జీవితకాల ఆదాయ నష్టంగా మార్చి పెద్ద అంకె వేద్దామని నేను ఆశపడ్డాను. శరీరంలో వైకల్యం ఎంతన్నది కాదు, సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నదే లెక్క అని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికి ఆ భుజం వల్ల జీతం తగ్గదు. అదే భుజం నెలకు 20,000 సంపాదించే 42 ఏళ్ల వడ్రంగిది అయి, పనిచేసే శక్తి 15 శాతం తగ్గిందని తేలితే, ఆ వయసుకు సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు ఇచ్చిన గుణకం (ఏడాది నష్టాన్ని ఎన్ని రెట్లు వేయాలో చెప్పే అంకె) 14తో లెక్క వేస్తే ఆ ఒక్క పద్దు కిందే 5,04,000 అవుతుంది. ఒకే ఎముక, రెండు ధరలు.

పోలీసు కాగితాల విషయంలో నియమాలు చదవడానికి చాలా బాగుంటాయి. 2022 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కూ బీమా కంపెనీకీ వెళ్లాలి, 90 రోజుల్లో వివరమైన నివేదిక వెళ్లాలి, ఆ నివేదికనే ట్రిబ్యునల్ పరిహారం దరఖాస్తుగా తీసుకోవచ్చు. గోహర్ మహమ్మద్ కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇవి అమలు చేయమని గట్టిగా ఆదేశించింది కూడా. నా కేసులో మాత్రం ప్రతి కాగితం గుమాస్తా వెంటపడితేనే వచ్చింది. గాయాల వివరాలుండే వూండ్ సర్టిఫికెట్ కోసం గుమాస్తాగారు నాలుగుసార్లు తిరిగారు. ఆ గుమాస్తా లేకపోతే ఆ కార్యాలయం నడవదని నా అభిప్రాయం.

నచ్చనివి. దరఖాస్తు ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలన్న సెక్షన్ 166(3) గడువు సంగతి నాకు నాలుగో నెల చివరలో, నేను వేరే చోట విని అడిగితే తెలిసింది. ఆయన గడువులోపే వేశారు, కానీ మొదటి రోజే చెప్పవలసిన మాట అది. సాయంత్రం ఏడు దాటితే ఫోను ఎత్తరు, తిరిగి చేయరు. ఫీజుకు రసీదులు ఇచ్చినా, జిరాక్సులు, నకళ్ల ఖర్చుల కింద తీసుకున్న 4,200 రూపాయలకు లెక్క నోటి మాటే. అన్నిటికంటే పెద్దది, కాళ్లూ చేతులూ విరిగినవాళ్లే ఎక్కువగా వచ్చే ఈ కార్యాలయం మూడో అంతస్తులో, లిఫ్టు లేని భవనంలో ఉంది. కర్రల మీద వచ్చిన ఒక పెద్దాయన కోసం గుమాస్తా కిందికి దిగి, మెట్ల పక్కన స్కూటరు సీటు మీద కాగితాలు పెట్టి సంతకాలు చేయించడం నేను చూశాను. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒకటీ మెట్లకే పోయింది.

బీమా కంపెనీ రాతపూర్వక జవాబు (కౌంటరు) అనుకున్నట్టే వచ్చింది: సైకిలిస్టు చూసుకోకుండా అడ్డం వచ్చాడు, లైటు లేదు, కనీసం సగం తప్పు అతనిదే. ఎఫ్ఐఆర్‌లోని ఆ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. దాని ఎదురుగా అదనపు వాంగ్మూలం, కెమెరా దృశ్యం, డోరు మీది గీతల ఫొటోలు, ఎత్తుల కొలతలు ఉన్నాయి. కారు నడిపిన వ్యక్తి గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి: అతను పారిపోలేదు, 108కి ఫోను చేసి నేను ఎక్కేదాకా నిలబడ్డాడు. కేసు వద్దంటూ 20,000 ఇవ్వబోయింది మాత్రం నేను మరచిపోలేను. తీసుకుని ఎఫ్ఐఆర్ లేకుండా ఊరుకుని ఉంటే, బీమా కంపెనీ ముందు నా మాట నిలబెట్టే కాగితం ఒక్కటీ ఉండేది కాదు. అతని మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 281, 125(బి) కింద పెట్టిన క్రిమినల్ కేసు వేరుగా నడుస్తోంది. దానితో ఈ కార్యాలయానికి సంబంధం లేదు. అక్కడ అతను నిర్దోషి అని తేలినా అది ట్రిబ్యునల్‌ను కట్టిపడేయదని ముందే చెప్పారు.

సాక్ష్యం మొదలయ్యాక బీమా కంపెనీ, రాజీతో కేసు ముగించే లోక్ అదాలత్‌కు ఒప్పుకుంది. అక్కడ ఎవరూ శాతాలు పలకరు, మొత్తమే పలుకుతారు. వారు 2,75,000 దగ్గర మొదలుపెట్టారు, మేము 4,40,000 దగ్గర. చివరకు 3,90,000. పూర్తి విచారణ దాకా వెళ్తే సెక్షన్ 171 కింద వడ్డీ కలిసి ఇంకొంత వచ్చేదేమో. ఆయన మరీ తొందరగా రాజీకి మొగ్గారేమోనని నా భార్య ఇప్పటికీ అంటుంది. నాకు అలా అనిపించలేదు గాని, కాదని ఖాయంగా చెప్పలేను.

ఎవరికి పనికి వస్తుందంటే, గాయం పెద్దదై, తప్పు విషయంలో అవతలివారు గట్టిగా తగువు పడేలా ఉంటే, ప్రమాదం జరిగి ఇంకా రెండు వారాలు దాటకపోతే, ఇలాంటి కార్యాలయం ఇచ్చే విలువ ఫీజు కంటే ఎక్కువ. గీతలు చెరిగిపోయి, కెమెరా దృశ్యాలు పోయి, సైకిలుకు కొత్త రంగు వేయించాక వెళ్తే, వీరి ప్రత్యేకతలో సగం వాడుకోవడానికి ఏమీ మిగలదు. ఫీజు భారమనుకునేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, ఆదాయ పరిమితి లోపు ఉన్నవారు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయవాదికి అర్హులు, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ గాయపడినవారు ఇక్కడే కేసు వేయనక్కరలేదు, తాము నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనూ వేసుకోవచ్చు.

సొమ్ము జమ అయ్యాక ఫైలు తిరిగి ఇచ్చారు, పేజీ నంబర్లు వేసి, పైన విషయసూచికతో. ప్లేటు తీయించడానికి ఆసుపత్రి ఇప్పుడు చెబుతున్న అంచనా 58,000. మేము లెక్కలో వేసుకున్నది 45,000. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి ఆ 13,000 నేనే పెట్టుకోవాలి. ఇలా ఖర్చు పెరగవచ్చని సంతకానికి ముందు ఆయన చెప్పారు; ఇంకా పెరగకపోవచ్చులే అని తలూపింది నేను.